కుండ మీది రాతి ఈక

ముందే చెప్పేస్తున్నాను, ఇది కథ. పైన కథ అని రాయకపోతే ఊరుకోనని మా అవ్వ గట్టిగా చెప్పింది. కాబట్టి నా పేరు రేవతి అనుకోండి, అమ్మను మేం అవ్వ అంటాం, ఆమె పేరు దుర్గవ్వ అనుకోండి. మిగతా పేర్లూ అంతే.

నాకో జబ్బుంది. కవిత్వంలో తప్పుడు సంగతి కనబడితే ఒళ్లు మండుతుంది. నడి ఎండాకాలంలో గునుగు పూలు పూయించే కవులన్నా, ఆడకోకిల చేత పాటలు పాడించే కవులన్నా నాకు పడదు. పాడేది మగకోకిల. ఒకసారి హైదరాబాదులో ఒక సభలో, నడిరాత్రి తూర్పుకొండ మీద నిండు చంద్రుడు ఉదయించాడని ఒక పెద్దాయన చదివాడు. నేను లేచి నిలబడి, "నిండు చంద్రుడు పొద్దుగూకే వేళకే వస్తాడండీ, నడిరాత్రికి నడినెత్తి మీద ఉంటాడు" అన్నాను. మళ్లీ ఆ సభలకు నన్ను పిలవలేదు. నేనూ ఫికర్ చేయలేదు. కొలిచే ఉద్యోగం నాది. కొలవనిది రాయను అని అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పుకుంటూ తిరిగేదాన్ని.

నేనుండేది ఇండోనేషియాలో, బోర్నియో దీవిలో పాలంకరాయ అనే ఊళ్లో. పదకొండేళ్లయింది. అక్కడి అడవుల కింద చాలాచోట్ల మట్టి ఉండదు. రాలిన ఆకులూ విరిగిన కొమ్మలూ పడ్డవి పడ్డట్టే నీళ్లలో నాని, పూర్తిగా కుళ్లక, వేల ఏళ్లుగా పేరుకున్న నల్లటి మెత్త ఉంటుంది. దాన్ని పీట్ అంటారు. ఒక మీటరు మందం పేరుకోవడానికి దాదాపు వెయ్యేళ్లు పడుతుంది. ఇనుప కడ్డీలు ఒకదానికొకటి బిగిస్తూ అందులోకి దించి లోతు చూడడం, పాతిన గొట్టాల్లో నీళ్లు ఎంత దిగాయో వారం వారం రాసుకోవడం నా పని. నీళ్లు దిగితే పీట్ ఎండుతుంది. ఎండితే అంటుకుంటుంది. పైకి మంట కనబడకుండా లోపల్లోపలే వారాల తరబడి కాలుతుంది. ఆ పొగలో ఒక ఏడాది నలభై రోజులు ఊరంతా మధ్యాహ్నం కూడా లైట్లు వేసుకుని తిరిగాం.

ఆ పీటే మట్టి కింద పడి, నలిగి నలిగి, కోట్ల ఏళ్లకు బొగ్గవుతుంది. మా బాపు రాజలింగు ముప్పై రెండేళ్లు బొగ్గుబాయిలో డ్రిల్లర్‌గా చేశాడు. అంటే బొగ్గు కథకు ఆఖరి పేజీ బాపు తవ్వాడు, మొదటి పేజీ నేను కొలుస్తున్నాను. ఈ మాట చాలా వేదికల మీద చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాను.

అక్కడ పెద్దావిడ ఎవరు కనబడినా 'ఇబు' అంటారు. ఇబు అంటే అమ్మ. నేను అద్దెకుండే ఇంటామె ఇబు, కూరగాయలమ్మే ఆమె ఇబు, ఆఫీసులో సంతకం పెట్టే మేడం కూడా ఇబునే. రోజుకు పదిమందిని అవ్వా అని పిలిచి, అసలు అవ్వకు మాత్రం ఆదివారం పూట ఒక ఫోను. ఇది మంచి కవితా వస్తువని తోచి అదీ రాశాను. పీట్ మీద, టీ డికాషన్ రంగులో పారే అక్కడి ఏరు మీద, పొగ మీద, ఇంటామె వేయించి పెట్టే అరటికాయ ముక్కల మీద, మొత్తం నలభై రెండు కవితలయ్యాయి. కరీంనగర్‌లో సొంత ప్రెస్ ఉన్న సంతోష్‌రావు సార్ పుస్తకం వేస్తానన్నారు. ఆయన బాటనీ లెక్చరర్‌గా రిటైరయ్యారు. కవిత్వమన్నా చెట్లన్నా ప్రాణం. పుస్తకానికి పేరు ఆయనే పెట్టారు, 'అవ్వ ఈక' అని. అది అందులో మొదటి కవిత.

ఆ కవిత ఇలా మొదలవుతుంది.

అవ్వ నీళ్లకుండ మీద
ఒక ఈక ఉంది, రాతి ఈక.
టిఫిన్ డబ్బాలో దాచి బాపు
గని దాటించిన అడవి అది.
అవ్వకు తెలియదు అది ఆకు అని,
ఇరవై ఐదు కోట్ల ఏళ్ల కిందట
ఒక చెట్టు రాల్చిన ఆకు అని.

ఆ రాయి సంగతి చెప్పాలి. నాకు ఆరేళ్లప్పుడు మేం కంపెనీ క్వార్టర్లో ఉండేవాళ్లం. మా నీళ్లకుండకు మూత ఒక నల్లటి పలక రాయి, దాదాపు జానెడు వెడల్పుది. తిప్పి చూస్తే కింది వైపు పొడుగాటి ఈక అచ్చు ఉండేది. నడుమ ఒక ఈనె, అటూ ఇటూ సన్నటి గీతలు. "పిట్ట ఈక బిడ్డా, వేములవాడ జాతరల కొన్న" అని చెప్పింది అవ్వ. నీళ్లు ముంచుకున్నప్పుడల్లా రాయి తిప్పి, ఆ పిట్ట ఎంత పెద్దదై ఉంటుందో లెక్కలు వేసుకునేదాన్ని.

తర్వాత ఉస్మానియాలో ఎమ్మెస్సీ జియాలజీ చదువుతుండగా ఒకరోజు ల్యాబ్‌లో ట్రే లాగితే, మా కుండ మీది ఈక అక్కడ వరసగా పదకొండు ఉన్నాయి. గ్లాసాప్టెరిస్ ఆకు. గోదావరి పక్క బొగ్గు పొరల్లో దొరికే ఆకు. ఆ దసరా సెలవులకు ఇంటికి పోయి, చెప్పులు కూడా విప్పకుండా కుండ మీది రాయి ఎత్తుకున్నాను. "అవ్వా, ఇది ఈక కాదు. ఆకు. ఇరవై ఐదు కోట్ల ఏండ్ల కిందటి ఆకు. అప్పుడు ఈడ అడవి ఉండె" అన్నాను.

అవ్వ చాటలో బియ్యం ఏరుతోంది. తలెత్తి, "అట్లనా" అంది.

బాపు మంచం మీద కూర్చుని ఉన్నాడు. "ఏందేంది? ఇంకోసారి చెప్పు బిడ్డా" అన్నాడు. డ్రిల్లింగ్ చప్పుడుకు బాపుకు ఒక చెవి అప్పటికే మొద్దుబారింది. దగ్గరికి పోయి, ఆ చెవి దగ్గర గట్టిగా, ఒక్కో మాటా విడదీసి చెప్పాను. బాపు విన్నాడు. తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. చెప్పులేసుకుని బయటికి పోయాడు. చాయ్ తాగడానికి పోయాడనుకున్నాను. ఈ రాయి ఎక్కడిదని రాత్రి అన్నం దగ్గర అడిగితే, "యాడిదైతేంది, నీకు అక్కరకొచ్చింది గదా" అని నవ్వాడు. మిగతాది నేనే ఊహించుకున్నాను. కవితకు ఆ ఊహ చాలనిపించింది.

బాపు పోయి నాలుగేళ్లు. కరోనా వల్ల ఆ నెలలో విమానాలు లేవు. నేను పాలంకరాయలో గొట్టాల్లో నీళ్లు కొలుస్తూనే ఉన్నాను.

పుస్తకావిష్కరణ ఆదివారం అనుకున్నారు. గురువారం పగటికి చొప్పదండిలో దిగాను. బాపు రిటైరయ్యాక క్వార్టర్ ఖాళీ చేసి, ఆ ఊళ్లో రెండు గదులు కట్టుకున్నారు. అవ్వ అక్కడే ఉంటోంది, పెరట్లో బీర, సొర పెట్టి అంగడికి పంపుతుంది, ఎవరి మాటా పడదు. ఫోన్లోనే చెప్పేసింది, "నేను రాను. నువ్వే వచ్చి జేసుకొని పో" అని. మోకాళ్ల నొప్పులంది. ఎదురుగా కూర్చుంటే ఒప్పుకుంటుందిలే అనుకున్నాను.

ఇంట్లో అడుగు పెట్టగానే కుండ వైపు చూశాను. మూతగా స్టీలు ప్లేటు ఉంది.

"అవ్వా, కుండ మీది రాయేది?"

"ఉన్నది."

"ఏడున్నది?"

"ఉండేకాడ ఉన్నది. నీళ్లు తాగు."

రెండు మాటల్లో తలుపు మూసేయడం మా అవ్వకు బాగా వచ్చు. సాయంత్రం పక్కింటి మమతారాణి వచ్చింది, డిగ్రీ చదివే పిల్ల. సంగతి ఆ పిల్ల దగ్గర బయటపడింది. నెల కింద సంతోష్‌రావు సార్ ఆ కవితను ఒక పత్రిక ఆదివారం అనుబంధంలో వేయించారు. మమతారాణి సంబరంగా తెచ్చి అవ్వకు చదివి వినిపించింది. అవ్వ మొత్తం విని, "మల్ల సదువు" అని రెండోసారి చదివించుకుని, కాగితం మడిచి పొయ్యిలో పెట్టిందట. తెల్లారి చూస్తే కుండ మీద రాయి లేదట.

ఆ రాత్రి మంచం మీద అటూ ఇటూ దొర్లుతూ నాకు నేనే వకీలునయ్యాను. 'అవ్వకు తెలియదు' అన్నాను, అంతే కదా. చదువుకోని అవ్వకు గ్లాసాప్టెరిస్ తెలియకపోతే అది అవమానమా. అందులో ప్రేమ ఉంది, జాలి లేదు. సంతోష్‌రావు సారైతే ఆ పాదం చదివినప్పుడల్లా కళ్లద్దాలు తీసి తుడుచుకుంటారు. తీరా తెల్లారేసరికి నా వాదన నాకే నచ్చలేదు. లోకమంతటికీ అమ్మను తెలియనిదానిగా చూపించి చప్పట్లు కొట్టించుకున్న మాట నిజమే. మాఫీ అడగాలనుకున్నాను.

శుక్రవారం పొద్దున పుస్తకాల కట్టలు ఆటోలో వచ్చాయి, మూడు వందల కాపీలు. ఆదివారంలోపు అన్నిటి మీదా సంతకాలు పెట్టమని సార్ పంపారు. అవ్వ వాటిని చూసీ చూడనట్టు సొరకాయ తరుగుతోంది. నేను ఎదురుగా పీట వేసుకుని కూర్చున్నాను.

"అవ్వా, తప్పయింది. నీకు తెల్వదని రాసుడు తప్పే. గా ముచ్చట తీసేస్త, సరేనా?"

అవ్వ కత్తిపీట ఆపింది. "నాకు తెల్వదని రాసినవని నాకెందుకు కోపం? నాకు తెల్వనియి శాన ఉన్నయ్. రాసుకో."

"మరెందుకు గింత అలుగుడు?"

"మీ బాపు దాటిచ్చిండని ఎట్ల రాసినవ్?"

నాకు వెంటనే అర్థం కాలేదు.

"దాటిచ్చుడంటె ఏందో ఎర్కనా నీకు? దొంగతనం. పేపర్ల ఎక్కిచ్చినవ్. పుస్తకం మీద ఎక్కిచ్చినవ్. ముప్పై రెండేండ్లు జేసిండు. ఒక్క మొల తేలే, ఒక్క తీగె ముక్క తేలే. రిటైరయిన్నాడు దండేసి, ఈయన మీద ఒక్క మాట లేదని చెప్పి తోలిండ్రు. నువ్వు గిప్పుడు దొంగను జేస్తివి."

"ఒక్క రాయి అవ్వా అది. గుట్టలకొద్ది పారేస్తరు గసుంటివి. ఎవలడుగుతరు?"

"రాజేశం గూడ గట్లనే అన్నడు. పారేసిన తీగె, ఎవలడుగుతరని."

రాజేశం నాకు గుర్తున్నాడు. మా పక్క క్వార్టర్లో ఉండేవాడు, బాపుతోపాటే షిఫ్టుకు పోయేవాడు. రాగి తీగ ఒంటికి చుట్టుకుని పోతూ గేటు దగ్గర దొరికిపోయాడు. తప్పు ఆయనదే, కాదనడానికి లేదు. ఉద్యోగం పోయింది. ఒక పొద్దున ఆయన భార్య శంకరవ్వ సామాను ట్రాక్టరులో ఎక్కిస్తుంటే, లైనులో ఒక్క తలుపు కూడా తెరుచుకోలేదు. ఒక్క మా అవ్వ మాత్రం పోయి సద్దిమూట ఇచ్చి వచ్చింది. అంతకు ముందు పదిరోజులూ వాళ్ల పిల్ల ఆటకు వస్తే, దొంగోళ్ల పిల్ల అని పాట కట్టి తరిమింది మేమే. ఆ పాట కట్టిన వాళ్లలో నేనూ ఉన్నాను. నేను అల్లిన మొదటి పద్యం బహుశా అదే.

"ఇగ డబ్బల తెచ్చిండని రాసినవ్" అంది అవ్వ, ఇప్పుడు కోపం కన్నా విసుగు ఎక్కువ వినబడింది. "డబ్బల ఎవ్వలన్న తెస్తరా? గేటు కాడ ముందుగాల ఇప్పి సూసేదే డబ్బ. నడుముకు సుట్టుకున్న తువ్వాల్ల వెట్టుకొని తెచ్చిండు. నడుస్తుంటె అంచు గుచ్చి పొట్ట మీద ఇంత పొడుగు గీసుకపోయింది. నేనే పసుపు వెట్టిన."

కొలవనిది రాయని మనిషిని నేను. ఆ డబ్బా నేను చూడలేదు, నా సొంతంగా కల్పించాను. బాపు పొట్ట మీది గీత కూడా నేనెప్పుడూ చూడలేదు.

అప్పుడు అడగాల్సిన ప్రశ్న ఆలస్యంగా తట్టింది. "అవ్వా, బాయిలకెల్లి తెచ్చిండని నీకు అప్పుడే తెల్సు. మరి అది ఆకని...?"

అవ్వ నా మొహంలోకి చూసింది. నేను చిన్నప్పుడు లెక్క తప్పు చేసి తెస్తే బాపు చూసే చూపు అది.

"ఏమని తెచ్చిండనుకున్నవ్ మల్ల? 'ఏమే, గిది సూడు, గంత లోతుకు భూమిల ఆకు దొరికింది, పిల్లకు సూపిస్త' అనుకుంటనే తెచ్చిండు. నువ్వు రోజు ఆయన షిఫ్టుకెల్లి రాంగనే అడుగుతుంటివి. బాయిల ఏముంటది బాపూ, బాయిల ఏముంటది బాపూ అని. చీకటి బిడ్డా అని చెప్పి చెప్పి యాష్టకొచ్చిండు. గిది దొరికెవరకు పాణం ఆగలే. నీకోసమే తెచ్చిండు."

"మరి ఈక అని ఎందుకు చెప్పినవ్ నాకు?"

"భూమిల ఆకు దొరికిందంటె నువ్వు ఊకుంటవా? తెల్లారి బడికి వోయి అందరికి చెప్తువు. మా బాపు తెచ్చిండు, బాయిల అడవి ఉన్నదట అని డప్పు కొడుదువు. ఆరేండ్ల పిల్ల నోరు ఎవలాపుతరు? రాజేశమోళ్లు పోయి నెల గాలే అప్పటికి. ఈకంటె ఏమున్నది. జాతరల కొన్నమంటె అయిపాయె."

"మరి అందరికీ కనబడేటట్టు కుండ మీదెందుకు పెట్టినవ్?"

"దాసిపెడితె ఎన్నడో ఓనాడు ఎవలో దేవులాడుతరు. రోజు వాడుకునేదాన్ని ఎవ్వలు సూడరు" అంది అవ్వ. మళ్లీ సొరకాయ తరగడం మొదలుపెట్టింది. "ఆకును కింది దిక్కు తిప్పి పెట్టిన. నువ్వొక్కదానివే తిప్పి సూసేది."

"బాపు ఏమన్లేదా?"

"అనకేం. రెండు రోజులు మాట్లాడలే. పిల్లకు సూపిద్దామని తెస్తె ఈకను జేస్తివి గదనే అన్నడు. జర పెద్దగ గానీ, అప్పుడు నువ్వే చెప్పుకో అన్న. పెద్దగయితనే ఉన్నవ్, ఆయన రేపు చెప్త మాపు చెప్త అంటనే ఉన్నడు, నేను ఇంకో ఏడు ఆగు అంటనే ఉన్న. ఇగ నువ్వే పట్నంకెల్లి వచ్చి, చెప్పులతోని లోపటికొచ్చి, ఆకు అని చెప్తివి."

"నువ్వు అట్లనా అన్నవ్."

"ఏమనాలె మల్ల?"

"బాపు ఇంకోసారి చెప్పమన్నడు. ఇనబడలేదనుకొని చెవుల ఒర్రిన."

అవ్వ ముక్కలు గిన్నెలో వేసి, కత్తిపీట మడిచి పక్కన పెట్టింది. "ఆయనకు మొదటిసారే ఇనబడ్డది బిడ్డా" అంది.

నాకు ఏడుపొచ్చింది. సిగ్గుతోనా బాపు మీద బెంగతోనా అంటే చెప్పలేను, రెండూ ఉన్నాయి. పదిహేనేళ్లు ఒక మాట కడుపులో పెట్టుకున్న మనిషి, దాన్ని కూతురి నోట విని, ఆశ తీరక రెండోసారి చెప్పించుకుని వీధిలోకి పోతే, చాయ్ కోసం పోయాడనుకున్నాను. అంతటితో ఆగక ఆ ఇద్దరి మీదా కవిత రాశాను, ఇద్దరి గురించీ తప్పే రాశాను. అవ్వ లేచిపోయి బియ్యం డబ్బా మూత తీసి, లోపలికి మోచేతి దాకా చెయ్యి పెట్టి, రాయి తీసి నా ఒళ్లో పెట్టింది. నన్ను ఊరుకోమనలేదు. పొయ్యి మీద కూర వేయడానికి పోయింది.

అన్నం తిన్నాక నా నిర్ణయం చెప్పాను. 'అవ్వకు తెలియదు' అన్న పాదాలు అన్ని కాపీల్లోనూ కొట్టేస్తాను. సభలో నిలబడి, మా అవ్వకు అంతా తెలుసు, నాకే తెలియదు అని చెప్తాను. అది నా మీది పెద్ద భారం దింపేసే ఏర్పాటు. అందుకే నాకు బాగా నచ్చింది.

"ఏమక్కర లేదు" అంది అవ్వ. "నాకు ఎర్క అంటె, ఎట్ల ఎర్క అంటరు. మీ ఆయన చెప్పిండా, ఆయనకెట్ల దొరికె అంటరు. మల్ల ఆయన కాడికే వస్తది. నేను ఎడ్డిదాన్నని అనుకుంటె అనుకోని. నాకేం తక్కువ గాదు. బాపు ముచ్చట కొట్టెయ్యి. నాది ఉండని."

"అది అబద్ధం గదా అవ్వా."

"నేనే చెప్పిన అబద్ధం. ముప్పై ఐదేండ్లసంది కాపాడుకుంటొస్తున్న. నువ్వెందుకు చెడగొడ్తవ్?"

సంతోష్‌రావు సార్‌కు ఫోన్ చేసి, మొదటి కవితలో రెండు పాదాలు పొరపాటున పడ్డాయి, పెన్నుతో కొట్టేస్తున్నా అన్నాను. ఏ పాదాలని ఆయన కంగారుపడ్డారు. పాత ప్రతిలోవి సార్, నేను చూసుకోలేదు అన్నాను. చంద్రుడి వేళలు సరిచేసిన మనిషిని, తడుముకోకుండా చెప్పాను.

శనివారమంతా అదే పని. మమతారాణి చేత నల్ల మార్కర్లు నాలుగు తెప్పించాం. నేను స్కేలు పెట్టి, 'టిఫిన్ డబ్బాలో దాచి బాపు, గని దాటించిన అడవి అది' అన్న రెండు పాదాల మీదా లావుగా గీతలు గీస్తే, అవ్వ పేజీని కిటికీ వెలుగుకు ఎత్తిపట్టి చూసేది. అవ్వకు చదువు రాదు. అక్షరాలు కనబడుతున్నాయో లేదో చూడడానికి చదువు అక్కర్లేదు. కనబడితే తిరిగి నా ముందుకు తోసేది. ఒక్కో కాపీకి రెండు మూడు సార్లు గీయాల్సి వచ్చింది. నడుమ నడుమ పాలంకరాయ ముచ్చట్లు అడిగింది. ఆ మెత్త నేల మీద నడుస్తుంటే కాలు దిగబడదా, ఆ ఇబు అరటికాయలు ఏ నూనెలో వేయిస్తుంది, వాన పడితే లోపలి నిప్పు ఆరుతుందా అని. నా నలభై రెండు కవితల్లో ఉన్నవన్నీ ఒక పూటలో అడిగేసింది. పదకొండేళ్లలో ఫోన్లో నేనెప్పుడూ ఇవి చెప్పలేదు. తిన్నవా, పన్నవా, అక్కడితో సరి.

"బాయిల నిప్పు కూడ గట్లనే" అంది, లోపలి నిప్పు ఒక పట్టాన ఆరదని నేను చెప్తే. "పైకి ఏం కానరాదు. మీ బాపు వాసన వట్టి చెప్తుండె."

రెండు వందలు దాటాక అవ్వ నడుం వాల్చింది. కళ్లు మూసుకునే, "ఇదంత మల్ల రాస్తవా?" అంది.

"రాయను అవ్వా."

"రాయకుంటె నీకు అన్నం అరగది. కత అని రాయి. పేర్లు మార్చు. కవితంటె నమ్ముతరు. కతను ఎవ్వలు నమ్ముతరు? కతల దొంగతనమైతె పట్టుకునేటోడు ఉండడు."

ఆదివారం అవ్వ ఏమీ అనకుండా కొత్త చీర కట్టుకుని నాకన్నా ముందు బస్టాపుకు నడిచింది. మోకాళ్ల సంగతి నేనూ ఎత్తలేదు.

కరీంనగర్‌లో చిన్న హాలు. అరవై కుర్చీలుంటే యాభై దాకా నిండాయి. సంతోష్‌రావు సార్ చాలాసేపు మాట్లాడారు. పీట్ గురించి, బోర్నియో వానల గురించి, బొగ్గు మొదటి పేజీ ఆఖరి పేజీ గురించి. తర్వాత మొదటి కవిత తీసి, నల్ల గీతలను అందరికీ చూపించారు. "ఇది అచ్చుతప్పు అని రేవతి నాతో చెప్పింది. కాని నాకు నమ్మబుద్ధి కాలేదు. చూడండి, పేజీ నడుమ బొగ్గు పొర. చెప్పకుండా వదిలేసిన దాన్ని కూడా కవితలో భాగం చేసింది" అన్నారు. చప్పట్లు కొట్టారు. ఇంకో రోజైతే లేచి, అది కుదరదండీ అని ఉండేదాన్ని. చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

తర్వాత ఆయన అవ్వను వేదిక మీదికి పిలిచారు. అవ్వ కొంగు సవరించుకుంటూ మెల్లగా మెట్లెక్కింది. శాలువా కప్పారు. ఆయన నిజంగా మంచి మనిషి, కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. మైకు చేతిలోకి తీసుకుని, చిన్న పిల్లకు చెప్పినంత ప్రేమగా చెప్పారు. "అమ్మా, మీ నీళ్లకుండ మీద ఉన్నది ఈక కాదమ్మా. అది ఆకు. ఇరవై ఐదు కోట్ల ఏండ్ల కింద ఈ నేల మీద ఒక అడవి ఉండె. గా అడవిలది ఆ ఆకు."

హాలు మొత్తం అవ్వ మొహం వైపే చూస్తోంది. అంతా తెలిసిన మనిషికి తెలియదని నలుగురిలో చెప్పిస్తున్నది నేనే, ఆమె చెప్పించుకుంటున్నది మా బాపు కోసం.

"అట్లనా" అంది అవ్వ.

తర్వాత బాపు పక్కన ఉన్నప్పుడు ఆయన వైపు తిరిగినట్టు తల కాస్త ఎడమ పక్కకు తిప్పి, "ఇంకోసారి చెప్పుండ్రి సారూ" అంది.

ఆమెకు వినబడలేదనుకుని, సంతోష్‌రావు సార్ మైకు నోటికి దగ్గరగా పెట్టుకుని, ఈసారి ఒక్కో మాటా విడదీసి గట్టిగా చెప్పారు.